నైజాం ఇంటి టర్కీ కోడలు

ఆజం జాహి అనే పేరు నాకు మొదట ఒక సైరన్‌గానే తెలుసు. వరంగల్‌లో మా ఇంటికి ఆజంజాహి మిల్లు దగ్గర. పొద్దున షిఫ్టు సైరన్ మోగితే నాయనమ్మ పొయ్యి ముట్టించేది. మధ్యాహ్నం మోగితే బడి నుంచి వచ్చిన పిల్లలకు కంచాలు పెట్టేది. మా చిన్నాయన అందులోనే పనిచేసేవాడు, ఒంటి మీద దూది నూగుతో ఇంటికి వచ్చేవాడు. 1934లో నైజాం పెట్టించిన మిల్లు అది. దానికి పెద్ద కొడుకు ఆజం జా పేరు పెట్టాడని, ఆ కొడుక్కి ఇస్తాంబుల్ రాజభవనంలో పుట్టిన పెళ్ళాం ఉండేదని అప్పుడు ఎవరైనా చెప్పినా నమ్మేదాన్ని కాదు. మిల్లుకి పెళ్ళామేంటి అనేదాన్నేమో.

పైగా మా ఇంట్లో నైజాం మాట ఎత్తే వీలే లేదు. మా తాతది వెట్టి చేసిన తరం. దొర గడి ముందు నుంచి పోవాల్సి వస్తే చెప్పులు చేతిలో పట్టుకుని నడిచిన మనిషి. రజాకార్ల కాలంలో రాత్రిళ్ళు జొన్నచేలల్లో దాక్కున్న సంగతులు చెప్పేటప్పుడు ఆయన గొంతు మారిపోయేది. రాజుల ముచ్చట్లు, వజ్రాల ముచ్చట్లు ఆయన ముందు నడవవు.

డిగ్రీకి హైదరాబాద్ వచ్చాక సీను మారింది. కోఠి ఉమెన్స్ కాలేజీలో సీటు, గౌలిపురలో పెద్దమ్మ వాళ్ళింట్లో మకాం. ఇంటి ఓనరమ్మ పైవాటాలో ఉండేది. ముసలావిడ. అందరం దాదీమా అనేవాళ్ళం. వాళ్ళాయన ఒకప్పుడు సర్ఫ్-ఎ-ఖాస్‌లో, అంటే నైజాం సొంత జాగీరు లెక్కలు చూసే ఆఫీసులో, గుమాస్తా. ఆయన పోయి చాలా కాలమైనా ఆ ఉద్యోగం గర్వం దాదీమాలో పోలేదు. కరెంటు బిల్లు అడగడానికి వెళ్ళినా కూర్చోబెట్టి, ఖుబానీ గింజలు పగలగొట్టి పప్పులు చేతిలో పెట్టి, దివాణం కబుర్లు మొదలుపెట్టేది. ఆమె గోడ మీద పాత పత్రికలోంచి కత్తిరించి ఫ్రేము కట్టించిన ఫోటో ఒకటి ఉండేది. పొడుగాటి మనిషి, చీరకట్టు, తలపై కొంగు, సూటిగా కెమెరా వైపే చూపు.

"నీలోఫరా దాదీమా?" అని అడిగాను మొదటిసారి. హైదరాబాద్‌లో కొత్తగా దిగినవాళ్ళకు కూడా తెలిసిన పేరు అదొక్కటే కదా.

"నక్కో బేటీ, ఆ పేరు ఎత్తకు. ఈమె దుర్రుషెహ్వార్. అసలు కోడలు. పెద్ద కోడలు" అంది.

ఆ 'అసలు' మీద ఆమె పెట్టిన ఒత్తు నాకిప్పటికీ వినపడుతుంది. కింద వాటాలో ఉండే మా పెద్దమ్మది నైజాం చిన్న కోడలు నీలోఫర్ పక్షం. పెద్దమ్మ చెల్లెలికి కాన్పు రెడ్‌హిల్స్‌లోని నీలోఫర్ ఆసుపత్రిలోనే అయింది. ప్రసవంలో ప్రాణం పోయిన తన పనిమనిషిని తలుచుకుని ఇంకే ఆడదానికీ అలా జరగకూడదని నీలోఫర్ ఆ ఆసుపత్రి కోసం పట్టుబట్టిందన్న కథ పెద్దమ్మకు కంఠతా వచ్చు. మేడ మీదావిడకీ కిందావిడకీ ఈ విషయంలో పడేది కాదు. ఇద్దరూ ఆ ఇద్దరిలో ఎవరితోనూ ఒక్క మాటైనా మాట్లాడినవాళ్ళు కారు. దాదీమా మాత్రం చిన్నప్పుడు దుర్రుషెహ్వార్ కారులో పోతుండగా ఒక్కసారి చూసిందట. "క్యా షాన్ థీ!" అని ఆగిపోయేది. ఇంకేం చెప్పేది కాదు, అంతకుమించి చూడలేదు కాబట్టి.

దాదీమా చెప్పినదీ, తర్వాత నేను చదివి తెలుసుకున్నదీ ఇప్పుడు నా తలలో కలిసిపోయాయి. కలిపే చెబుతాను.

దుర్రుషెహ్వార్ 1914 జనవరిలో ఇస్తాంబుల్‌లో పుట్టింది. అప్పటికే ఒట్టొమన్ సామ్రాజ్యం కూలడానికి సిద్ధంగా ఉంది. తండ్రి అబ్దుల్ మజీద్ ఆ సుల్తానుల వంశంలోనివాడు, మంచి చిత్రకారుడు, సంగీతమంటే ప్రాణం. 1922లో సుల్తాను పదవినే ఎత్తేసిన కొత్త ప్రభుత్వం ఈయన్ని పేరుకు ఖలీఫాగా, అంటే ముస్లింల మతపెద్దగా, కూర్చోబెట్టింది. అధికారం లేదు, గౌరవం మాత్రమే. అది కూడా 1924 మార్చి 3న పోయింది. ఖిలాఫత్‌ను రద్దు చేశారు. డోల్మాబాచే రాజభవనానికి అధికారులు వచ్చి దేశం విడిచి వెళ్ళమన్నారు. తెల్లవారక ముందే కార్లలో ఎక్కించారు. ఇస్తాంబుల్ పెద్ద స్టేషన్లో జనం గుమిగూడతారని భయపడి చతల్జా అనే చిన్న ఊరి స్టేషన్‌కు తీసుకెళ్ళారు. రాత్రికి గానీ ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ రాదు. అంతసేపూ ఆ కుటుంబం స్టేషన్ మాస్టరు ఇంట్లో కూర్చుంది. ఆ స్టేషన్ మాస్టరు యూదుడట. స్పెయిన్ నుంచి తరిమేసినప్పుడు మా పూర్వీకులకు మీ వంశమే చోటిచ్చింది, ఈ పూట నేను మీకు ఇంత చేయగలిగాను అన్నాడట. అక్కడికి వచ్చేసరికి దాదీమాకు ప్రతిసారీ కళ్ళ నీళ్ళు తిరిగేవి.

అప్పటికి దుర్రుషెహ్వార్‌కు పదేళ్ళు. ఫ్రాన్సులో సముద్రం పక్కన నీస్ పట్నంలో పెరిగింది. సొంత దేశం లేదు, డబ్బూ లేదు. ఇక్కడ మన నైజాం కథలోకి వస్తాడు. ఖిలాఫత్ ఉద్యమ నాయకుడు మౌలానా షౌకత్ అలీ చెప్పగా మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఆ మాజీ ఖలీఫాకు నెలకు 300 పౌండ్ల పింఛను ఇవ్వడం మొదలుపెట్టాడు. తర్వాత పెళ్ళి మాట కూడా షౌకత్ అలీయే కదిపాడు. ప్రపంచంలోకెల్లా ధనవంతుడని పేరున్న ఇల్లు ఒకటి, ముస్లిం ప్రపంచంలో పెద్ద పేరున్న ఇల్లు ఇంకొకటి. ఈ రెండూ కలిసి ఒక మనవడు పుడితే వాడి హోదా ఏమిటో లెక్క వేసుకోవచ్చు. బ్రిటిష్ వాళ్ళకు ఈ సంబంధం గుబులు పుట్టించింది అందుకే.

మెహర్ దగ్గర, అంటే పెళ్ళికొడుకు వైపు నుంచి పెళ్ళికూతురికి ఇచ్చే సొమ్ము దగ్గర, బేరం పడిందట. ఖలీఫా 50,000 పౌండ్లు అడిగితే, చినిగిన టోపీతో తిరిగే నైజాం అది చాలా ఎక్కువన్నాడట. చివరకు బేరం కుదిరిందని, అదే ఊపులో రెండో కొడుకు మొజం జాకు ఒట్టొమన్ వంశంలోనిదే ఇంకో పిల్లను కూడా ఖాయం చేశారని చెబుతారు. ఆ రెండో పిల్ల నీలోఫర్. ఈ ముచ్చట చెప్పినప్పుడల్లా దాదీమా మెట్ల వైపు చూసి కొంచెం గట్టిగా చెప్పేది, కింద పెద్దమ్మకు వినపడాలని.

1931 నవంబర్ 12న నీస్‌లో రెండు పెళ్ళిళ్ళూ జరిగాయి. దుర్రుషెహ్వార్‌కు 17 ఏళ్ళు, నీలోఫర్‌కు ఇంకా 16 నిండలేదు. డిసెంబరులో పిల్స్నా అనే ఓడలో ఇండియాకు బయల్దేరారు. రౌండ్ టేబుల్ సమావేశం నుంచి ఉత్త చేతులతో తిరిగొస్తున్న గాంధీ కూడా అదే ఓడలో ఉన్నాడు. నాకు ఈ కథ మొత్తంలో బాగా ఇష్టమైన ముక్క ఇదే. ఒకే ఓడలో రాజ్యం పోగొట్టుకున్న రాజుగారి కూతురు, రాజ్యాలే వద్దనే మనిషి. ఇద్దరూ బొంబాయిలో దిగి చెరో దారిన పోయారు. దిగిన వారం తిరక్కుండానే గాంధీని జైల్లో పెట్టారు. ఈమెను హైదరాబాద్ రైలెక్కించారు.

ఇక్కడి దర్బారు ఆమెకు ఎలా కనిపించి ఉంటుందో నేను చాలాసార్లు అనుకునేదాన్ని. ఆమెకు ఫ్రెంచి వచ్చు, టర్కిష్ వచ్చు, ఇంగ్లీషు వచ్చు. ఉర్దూ ఇక్కడికి వచ్చాకే నేర్చుకుంది. మామగారేమో కింగ్ కోఠీలో, పెద్ద కుటుంబం మధ్య, చార్మినార్ సిగరెట్లు కాలుస్తూ, కాగితం ముక్కలు కూడా పారేయనివ్వని మనిషి. అత్తగారు దుల్హన్ పాషా బేగం. ఆ ఇంటి ఆడవాళ్ళు పర్దా దాటరు. ఈ కొత్త కోడళ్ళిద్దరు మాత్రం పర్దా లేకుండా విందులకు వచ్చారు, ఫోటోలు దిగారు, బ్రిటిష్ అతిథులతో మాట్లాడారు. అది నైజాం ఇష్టంతోనే జరిగింది. కోడళ్ళను చూపించుకోవడం ఆయనకు సరదా. పెద్ద కోడలు మొగుడి కన్నా పొడుగు. అది అతిథులకు చూపించి మరీ కొడుకును ఆట పట్టించేవాడట. సొంత కూతుళ్ళను గోడ దాటనివ్వని మనిషి కోడళ్ళకు ఇంత చనువు ఎందుకిచ్చాడో! ఖలీఫా కూతురు కాబట్టి అనేది దాదీమా. పెద్దమ్మ మాత్రం, "ఎవరింట్లో చూసినా అంతే, పరువు కోసమైతే కోడలికి అన్నీ ఇస్తరు" అని తేల్చేసేది. ఈ ఒక్క విషయంలో నా ఓటు పెద్దమ్మకే.

ఆమె కాపురం బెల్లావిస్టాలో. ఇప్పుడు రాజ్‌భవన్ రోడ్డులో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ ఉన్న భవనం అదే. ఉద్యోగంలో చేరాక ఒక ట్రైనింగుకు అక్కడికి వెళ్ళాను. అందరూ పవర్ పాయింట్ చూస్తుంటే నేను కిటికీలు, పైకప్పు చూస్తూ కూర్చున్నా. ఒక పద్దెనిమిదేళ్ళ పిల్ల ఈ హాళ్ళలో ఎవరితో మాట్లాడుకునేదో అని. టీ బ్రేకులో పక్కనున్న కొలీగుకు చెబితే, "అవునా, నీలోఫర్ ఇక్కడ ఉండేదా?" అన్నాడు. నీలోఫర్ ఉన్నది హిల్‌ఫోర్ట్ ప్యాలెస్‌లో బాబూ.

మొదటి కొడుకు ముకర్రం జా 1933లో నీస్‌లో పుట్టాడు. పుట్టింట్లో పురుడు అన్నమాట, మన పద్ధతే. రెండోవాడు ముఫఖం జా 1939లో. బంజారాహిల్స్‌లో ఆయన పేరు మీద ఉన్న ఇంజనీరింగ్ కాలేజీలో మా తమ్ముడు చదివాడు, ఆ పేరు ఎవరిదో వాడికి నాలుగేళ్ళూ తెలియదు. 1936లో ఆజం జాకు ప్రిన్స్ ఆఫ్ బేరార్ బిరుదు వచ్చింది, ఆమె ప్రిన్సెస్ ఆఫ్ బేరార్ అయింది. మరుసటి ఏడు లండన్‌లో ఆరో జార్జి పట్టాభిషేకానికి ఇద్దరూ వెళ్ళారు. బయటికి కనిపించే వైభవానికి ఆ ఏళ్ళే శిఖరం. లోపల కాపురం సరిగా లేదు. ఆజం జా ఖర్చుల మనిషి, అప్పుల మనిషి. పైసా పైసా లెక్క చూసే తండ్రికీ ఆయనకూ అసలు పడలేదు. క్రమంగా భార్యాభర్తలు కూడా దూరమయ్యారు.

ఆమె గురించి నాకు నిజంగా ఆసక్తి పుట్టింది ఇక్కడి నుంచే. అందం, నగలు, పార్టీల గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. మొగుడి మీద ఆశ పోయాక ఆమె కొడుకుల మీద పెట్టిన పట్టు గురించి చెప్పేవాళ్ళు తక్కువ. పిల్లలను ఈ దివాణం గాలికి వీలైనంత దూరంగా పెంచింది. ఐసీఎస్ అధికారిగా చేసిన ఫిలిప్ మేసన్ కొంతకాలం వాళ్ళకు ట్యూటర్. పెద్దవాణ్ణి డూన్ స్కూలుకు, తర్వాత ఇంగ్లండులో హారో, కేంబ్రిడ్జిలకు పంపింది. ఒక సామ్రాజ్యం కళ్ళముందే కూలడం చూసిన పిల్ల కదా. రెండోది కూడా నిలబడదని ఆమెకు ముందే అర్థమై ఉంటుందని నా ఊహ. ఊహే, ఆమె ఎక్కడా అలా చెప్పలేదు.

1948 సెప్టెంబరులో అదీ కూలింది. ఈ తేదీ దగ్గర మా తాత, దాదీమా చెప్పే కథలు రెండూ ఒకచోట ఇమడవు. మా తాత ఆ రోజు ఊళ్ళో మిఠాయి పంచాడు. దాదీమా వాళ్ళింట్లో దీపాలు ఆర్పుకుని కూర్చున్నారు. తెలిసినవాళ్ళు ఎవరు బతికున్నారో ఎవరు పోయారో తెలియని రోజులని ఆమె అనేది. రెండూ నిజాలే. నేను తాతకు ఈ దాదీమా గురించి ఎప్పుడూ చెప్పలేదు, దాదీమాకు తాత మిఠాయి గురించీ చెప్పలేదు.

ఆ కాలంలోనే దుర్రుషెహ్వార్ ఇంకో బరువు మోసింది. తండ్రి 1944 ఆగస్టులో, ప్యారిస్‌కు జర్మన్ల నుంచి విముక్తి దొరుకుతున్న రోజుల్లోనే, అక్కడ కన్నుమూశాడు. ఆయన్ను ఇస్తాంబుల్ మట్టిలో పెట్టాలని ఈమె పట్టుదల. టర్కీ పెద్దలను స్వయంగా కలిసి అడిగింది. ఒప్పుకోలేదు. శవపేటిక దాదాపు పదేళ్ళు ప్యారిస్ మసీదులోనే ఉండిపోయింది. ఔరంగాబాద్ దగ్గర ఖుల్దాబాద్‌లో, అప్పటికి అది హైదరాబాద్ రాజ్యమే, ఆయన కోసం టర్కీ తీరులో ఒక సమాధి కట్టించి ఉంచారు. అదీ ఖాళీగా మిగిలింది. చివరకు 1954లో మదీనాలో ఖననం చేశారు. 1952లో ఒట్టొమన్ ఆడవాళ్ళు టర్కీకి తిరిగి రావచ్చని చట్టం వచ్చింది. తండ్రిని రానివ్వని దేశం తనను రమ్మన్నదన్నమాట. తాను పోయాక టర్కీలో పూడ్చవద్దని ఆమె అన్నదని చెబుతారు. తండ్రి సంగతిలో ఆ కోపం చివరిదాకా పోలేదు. నాకది న్యాయమైన కోపంగానే కనిపిస్తుంది.

నీలోఫర్ దారి వేరు. పిల్లలు కలగలేదు, భర్త ఇంకో పెళ్ళి చేసుకున్నాడు, 1952లో విడాకులు తీసుకుని ప్యారిస్ వెళ్ళిపోయింది. అక్కడే మళ్ళీ పెళ్ళి చేసుకుంది, 1989లో అక్కడే పోయింది. ఆ వార్త పేపర్లో పడినప్పుడు పెద్దమ్మ ఆ పూట వంట ఆలస్యం చేసింది. దాదీమా మెట్లు దిగి వచ్చి ఆమె పక్కన కూర్చుంది. ఆ రోజు మాత్రం అసలు కోడలు, చిన్న కోడలు అనే మాట రాలేదు.

1967 ఫిబ్రవరిలో ఉస్మాన్ అలీ ఖాన్ చనిపోయాక వారసుడు ఎవరంటే, కొడుకు ఆజం జా కాదు, మనవడు ముకర్రం జా. కొడుకును దాటేసి మనవడికి ఇచ్చాడు. ఏప్రిల్‌లో చౌమహల్లాలో పట్టం కట్టారు. అంటే దుర్రుషెహ్వార్ ఎప్పుడూ నైజాం భార్య కాలేదు, సరాసరి నైజాం తల్లి అయింది. 1971లో రాజభరణాలు రద్దయ్యేసరికి ఆ బిరుదు కూడా ఉత్త పేరుగా మిగిలింది. ముకర్రం జా ఆస్ట్రేలియాలో గొర్రెల ఫారం పెట్టుకుని వెళ్ళిపోవడం, చివరికి టర్కీ చేరడం ఇంకో పెద్ద కథ, నాకు అంత ఓపిక లేదు. ఆయన మొదటి భార్య ఎస్రా కూడా టర్కీ ఆవిడే. చౌమహల్లాను, ఫలక్‌నుమాను ఇప్పుడు మనం చూస్తున్న స్థితికి తెచ్చింది ఆవిడ పూనికే. అత్తాకోడళ్ళు ఇద్దరూ ఒక ఊరివాళ్ళే.

దుర్రుషెహ్వార్ తర్వాత ఎక్కువగా లండన్‌లోనే ఉంది, అప్పుడప్పుడూ వచ్చి వెళ్ళేది. పురానీ హవేలీ దగ్గర పిల్లల ఆసుపత్రి, యాకుత్‌పురాలో ఆడపిల్లల కాలేజీ ఆమె పేరు మీద నడిచాయి. పెద్దమ్మ మనవడికి ఒకసారి వాంతులు, విరేచనాలు పట్టుకుంటే అర్ధరాత్రి ఆటోలో అక్కడికే పరిగెత్తాం. దాదీమా కూడా శాలువా కప్పుకుని ఎక్కేసింది, వద్దన్నా వినలేదు. "మా బేగం దవాఖానా, నేను లేకుండా ఎట్లా వెళ్తారు" అని. సెలైను పెట్టారు, తెల్లారేసరికి పిల్లాడు బిస్కెట్ అడిగాడు. ఇంటికొచ్చాక దాదీమా పెద్దమ్మ వైపు చూసిన చూపు చూడాలి! పెద్దమ్మ ఏమీ అనలేక టీ పెట్టి ఇచ్చింది.

2006 ఫిబ్రవరిలో దుర్రుషెహ్వార్ లండన్‌లో పోయింది, 92 ఏళ్ళు. బ్రూక్‌వుడ్ శ్మశానంలో సమాధి. పేపర్లో చిన్న వార్త చూశాను. దాదీమా అప్పటికే లేదు. గౌలిపుర ఇల్లు కూడా లేదు, అపార్టుమెంటు లేచింది. వరంగల్లో మిల్లు మూతపడి సైరన్ కూడా ఆగిపోయింది. 2023 జనవరిలో ముకర్రం జా ఇస్తాంబుల్‌లో పోతే భౌతికకాయాన్ని తెచ్చి మక్కా మసీదులో ఖననం చేశారు. తల్లి పుట్టిన ఊళ్ళో కొడుకు పోయాడు, తండ్రి ఊళ్ళో మట్టిలో కలిశాడు.

పోయిన సంక్రాంతి సెలవుల్లో అమ్మాయిని తీసుకుని చౌమహల్లా వెళ్ళాను. గైడు అందరినీ పసుపు రంగు రోల్స్ రాయిస్ దగ్గరికి లాక్కుపోతున్నాడు. కుటుంబం ఫోటోల దగ్గర జనం పల్చగా ఉన్నారు. నేను ఒక ఫోటో ముందు ఆగాను. పక్కనే సెల్ఫీ తీసుకుంటున్న కుర్రాడు నేను అంతసేపు చూడటం గమనించి అడిగాడు.

"ఎవరండీ ఆంటీ, నీలోఫరా?"

"కాదు నాన్నా, ఆమె తోడికోడలు" అన్నాను. "పెద్ద కోడలు. అసలు కోడలు."

మా అమ్మాయి చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది, ఎక్కడ మొదలుపెడతానో అని.